మెగ్నీషియం స్టియరేట్ శాతం మారలేదు, మరి టాబ్లెట్ ఎందుకు మెత్తబడింది?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. డైరెక్ట్ కంప్రెషన్ బ్లెండ్ (గ్రాన్యూల్స్ చెయ్యకుండా నేరుగా నొక్కే పౌడర్ మిశ్రమం), ఎక్కువ భాగం ఎంసీసీ (మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్), కొంత లాక్టోజ్, ల్యూబ్రికెంట్‌గా, అంటే జారుడు కోసం, మెగ్నీషియం స్టియరేట్ 1 శాతం. చిన్న బ్లెండర్‌లో హార్డ్‌నెస్ బాగానే వచ్చింది. పెద్ద బ్లెండర్‌కి వెళ్ళాక, దాదాపు అదే టైమ్‌లో స్టియరేట్ వెండర్ కూడా మారాక, అదే కంప్రెషన్ ఫోర్స్‌కి టాబ్లెట్ మెత్తగా వస్తోంది, ఫోర్స్ పెంచితే క్యాపింగ్ అవుతోంది (టాబ్లెట్ పై భాగం మూతలా ఊడిపోతోంది), డిసింటిగ్రేషన్ టైమ్ (నీటిలో విడిపోయే సమయం) కూడా పెరిగింది. స్టియరేట్ సగానికి తగ్గిస్తే ఎజెక్షన్ దగ్గర (టాబ్లెట్‌ని బయటికి తోసే చోట) టక్ టక్ మని సౌండ్, టాబ్లెట్ పక్క అంచు మీద నిలువు గీతలు. ఇక మీ ప్రశ్న, అసలు ఎంత శాతం వెయ్యాలి అని.

శాతం దగ్గర మొదలుపెడితే మీకు జవాబు దొరకదండీ. ఫార్ములా షీట్ మీద 1 శాతం అని రాసుకున్నంత మాత్రాన టాబ్లెట్‌కి తెలిసేది 1 శాతం కాదు, బ్లెండ్‌లోని కణాల ఒంటి మీద స్టియరేట్ ఎంత మేర పరుచుకుంది అన్నదే దానికి తెలుస్తుంది. ఆ పరుచుకోవడం మూడింటి మీద ఆధారపడుతుంది, స్టియరేట్ ఎలాంటిది, దాన్ని ఎంతసేపు ఎంత గట్టిగా కలిపారు, అది అంటుకునే మిగతా పదార్థాలు నొక్కినప్పుడు ఎలా ప్రవర్తిస్తాయి. మీ దగ్గర మొదటి రెండూ ఒకేసారి మారాయి, మూడోది మొదటినుంచీ సున్నితమైనదే. కాబట్టి హార్డ్‌నెస్ పడిపోకపోతేనే నేను ఆశ్చర్యపోయేవాణ్ణి.

ముందు డై లోపల, అంటే పై నుంచీ కింద నుంచీ పంచ్‌లు వచ్చి పౌడర్‌ని నొక్కే అచ్చు రంధ్రంలో, ఏం జరుగుతుందో చూద్దాం. పై పంచ్ దిగి పౌడర్‌ని నొక్కినప్పుడు ఆ ఒత్తిడి కిందకే కాదు, పక్కకి డై గోడ మీదకి కూడా వెళ్తుంది. పంచ్ పైకి లేచిపోయాక కూడా టాబ్లెట్ ఆ గోడని నెడుతూనే ఉంటుంది. ఆ మిగిలిపోయిన ఒత్తిడిని గోడకి తగిలే విస్తీర్ణంతో, ఘర్షణ గుణకంతో గుణిస్తే స్థూలంగా లోయర్ పంచ్ టాబ్లెట్‌ని బయటికి తొయ్యడానికి పెట్టాల్సిన ఫోర్స్ వస్తుంది, దాన్నే మనం ఎజెక్షన్ ఫోర్స్ అంటున్నాం. ఇందులో ల్యూబ్రికెంట్ చేతిలో ఉన్నది ముఖ్యంగా ఆ ఘర్షణ గుణకం ఒక్కటే. మిగిలిన ఒత్తిడి ఎంత అనేది మెటీరియల్ సాగుడు గుణం, మీరు పెట్టే ఫోర్స్, టాబ్లెట్ మందం నిర్ణయిస్తాయి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, క్యాపింగ్ రాగానే "ల్యూబ్రికెంట్ పెంచుదాం" అనే మాట చాలా చోట్ల వింటాను. ఘర్షణ వల్ల వచ్చిన క్యాపింగ్ అయితే సరే, కానీ కణాల మధ్య బంధం బలహీనంగా ఉండి, ఒత్తిడి తీసేశాక సాగిన పదార్థం వెనక్కి పొంగడం వల్ల వచ్చిన క్యాపింగ్ అయితే ల్యూబ్రికెంట్ పెంచడం అంటే ఉన్న బంధాన్ని కూడా తెంపడమే. మీది రెండో రకం అని నా అభిప్రాయం, ఎందుకంటే ఫోర్స్ పెంచినకొద్దీ పెరుగుతోంది, పైగా స్టియరేట్ 1 శాతం ఉన్నప్పుడే వస్తోంది.

మెగ్నీషియం స్టియరేట్ ఎందుకు ఇంత బాగా పనిచేస్తుందంటే దాని నిర్మాణం పేక ముక్కల దొంతరలా పొరలు పొరలుగా ఉంటుంది, కొంచెం పక్కకి తోస్తే ఒక పొర ఇంకో పొర మీద జారిపోతుంది. డై గోడకి, టాబ్లెట్‌కి మధ్య ఆ పొర ఉంటే జారేది స్టియరేట్ పొరల మధ్యే, మీ పౌడర్ కణం గోడని గీకదు. ఇది మనకి కావాల్సిన పనే. తలనొప్పి ఎక్కడంటే ఈ పొర డై గోడ దగ్గరే ఆగమంటే ఆగదు, బ్లెండర్‌లో ప్రతి ఎంసీసీ కణం మీదా ఎక్కుతుంది. గోడ దగ్గర జారుడు వరం, కణానికీ కణానికీ మధ్య అదే జారుడు శాపం. పొరతో కప్పుకున్న రెండు కణాలని ఎంత నొక్కినా దగ్గరికి వస్తాయి గానీ గట్టిగా పట్టుకోవు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఎక్కువ ల్యూబ్రికేట్ అయిన బ్లెండ్‌ని నొక్కితే టాబ్లెట్ మందం పెద్దగా మారదు, అంటే లోపలి ఖాళీలు దాదాపు మామూలుగానే తగ్గుతాయి, పౌడర్ అంతే బాగా కుదించుకుంటుంది, కానీ బలం రాదు. కాబట్టి థిక్‌నెస్ సరిగ్గా ఉంది, వెయిట్ సరిగ్గా ఉంది, హార్డ్‌నెస్ మాత్రం పడింది అంటే మొదటి అనుమానం బంధం మీద పెట్టుకోండి. ఫోర్స్ పెంచడం అనేది కుదింపుకి మందు, బంధానికి కాదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం, ఇది ఒక్కసారి చేతితో వేసి చూస్తే శాతం మీద మోజు పోతుంది. మీ బ్లెండ్ కణాలు 100 మైక్రాన్ల నున్నటి గోళాలు, సాంద్రత సీసీకి 1.5 గ్రాములు అనుకోండి. అప్పుడు ఒక గ్రాము బ్లెండ్‌కి బయటి ఉపరితలం సుమారు 0.04 చదరపు మీటర్లు. 1 శాతం స్టియరేట్ అంటే గ్రాము బ్లెండ్‌లో 0.01 గ్రాము. ఆ స్టియరేట్ స్పెసిఫిక్ సర్ఫేస్ ఏరియా (ఒక గ్రాము పొడికి ఉండే ఉపరితలం) గ్రాముకి 4 చదరపు మీటర్లు అయితే మొత్తం 0.04, అంటే బ్లెండ్ ఉపరితలానికి సరిసమానం. అదే గ్రాముకి 8 చదరపు మీటర్లు ఉన్న లాట్ అయితే 0.08, రెట్టింపు. శాతం అదే, కానీ కప్పగల సామర్థ్యం రెండింతలు. ఇప్పుడు 100 మైక్రాన్ల బదులు 500 మైక్రాన్ల గ్రాన్యూల్స్ (పౌడర్‌ని అతికించి చేసిన పెద్ద రేణువులు) అనుకోండి, బ్లెండ్ ఉపరితలం ఐదో వంతుకి, అంటే 0.008కి పడిపోతుంది, అప్పుడు అదే 1 శాతం ఎన్నో రెట్లు ఎక్కువైపోతుంది. నిజం కణాలు ఇంత నున్నగా ఉండవు, స్టియరేట్ కూడా కలిపేటప్పుడు పొరలు విడిపోతూ ఇంకా పలచబడుతుంది, అందుకని ఈ అంకెల్ని స్పెసిఫికేషన్‌లా వాడకండి, ఏది ఎటు లాగుతుందో తెలుసుకోడానికి మాత్రం ఇది చాలు. వెట్ గ్రాన్యులేషన్ చేసిన పెద్ద గ్రాన్యూల్స్‌కి అర శాతం సరిపోయి, ఫైన్స్ (మరీ సన్నటి పొడి) ఎక్కువున్న బ్లెండ్‌కి అదే చాలకపోవడం వెనక ఉన్నది ఇదే.

మరి వెండర్ మారితే సర్ఫేస్ ఏరియా అంత మారుతుందా అంటే, మారుతుంది. మార్కెట్లో దొరికే స్టియరేట్లు గ్రాముకి 2 చదరపు మీటర్ల లోపు నుంచి 14 దాటినవాటి వరకూ ఉన్నాయి. పైగా ఈ పదార్థం పేరుకి మెగ్నీషియం స్టియరేట్ గానీ అది ఒక్క కాంపౌండ్ కాదు, మెగ్నీషియం స్టియరేట్, మెగ్నీషియం పామిటేట్ కలిసిన మిశ్రమం. ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) ఏమంటుందంటే ఫ్యాటీ యాసిడ్ భాగంలో స్టియరిక్ కనీసం 40 శాతం ఉండాలి, స్టియరిక్ పామిటిక్ రెండూ కలిపి కనీసం 90 శాతం ఉండాలి, మెగ్నీషియం 4 నుంచి 5 శాతం మధ్యలో ఉండాలి, ఎండబెడితే తగ్గే బరువు 6 శాతం దాటకూడదు. ఈ గీతల మధ్య ఎంత చోటుందో చూడండి. ఒక లాట్‌లో స్టియరిక్ 45 ఉండొచ్చు, ఇంకోదాంట్లో 90 దాటొచ్చు, రెండూ పాసే. జంతు కొవ్వు నుంచి తీసినదానికి, వెజిటబుల్ సోర్స్‌కి ఈ నిష్పత్తి వేరుగా ఉంటుంది, ఒకే సోర్స్‌లో కూడా ముడి కొవ్వుని ఎలా శుద్ధి చేశారన్నదాన్ని బట్టి మారుతుంది.

నీటి సంగతి ఇంకోటి. స్టియరేట్ నీరు లేని రూపంలోనూ, మోనోహైడ్రేట్, డైహైడ్రేట్, ట్రైహైడ్రేట్ రూపాల్లోనూ ఉంటుంది, బజారులో దొరికేది చాలాసార్లు వీటి కలగలుపు. పలచటి పలకల్లా ఉండే డైహైడ్రేట్ సాధారణంగా బాగా జారుతుంది, తేలిగ్గా పొరలు విడిపోతుంది, అందుకే ఘర్షణ తగ్గించడంలో మిగతావాటికంటే దానికి మంచి పేరు. స్పష్టమైన స్ఫటికాలు లేకుండా ముద్దగా ఉన్న రకం అంత బాగా పరుచుకోదు. సర్టిఫికెట్‌లో ఎండబెడితే తగ్గిన బరువు 3.5 అని ఒకచోట, 5 అని ఒకచోట ఉంటే రెండూ లిమిట్‌లోనే ఉన్నాయని ఫైల్‌లో పెట్టేస్తారు, కానీ అది వేరే హైడ్రేట్ అని చెప్తున్న సూచన కావచ్చు. టీజీఏ (వేడి చేస్తూ బరువు తగ్గుదల కొలిచే పరీక్ష), ఎక్స్ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటిక రూపం చూసే పరీక్ష) ఒక్కొక్కటి చేయిస్తే తేలిపోతుంది. మీ పాత లాట్, కొత్త లాట్ రెండూ కొంచెం కొంచెం దాచి ఉంటే ముందు చెయ్యాల్సిన పని ఇదే, దానితోపాటు బీఈటీ పద్ధతిలో (వాయువుని పీల్చించి) కొలిచే సర్ఫేస్ ఏరియా, పార్టికల్ సైజ్. వెండర్‌ని అడిగితే చాలామంది బీఈటీ ఇస్తారు, అడక్కపోతే సర్టిఫికెట్‌లో రాదు.

ఇక మీ బ్లెండ్ విషయం. స్టియరేట్ ఒక్కో ఎక్సిపియెంట్‌ని (టాబ్లెట్‌లో మందు కాని పదార్థాన్ని) ఒక్కోలా దెబ్బ తీస్తుంది. డైకాల్షియం ఫాస్ఫేట్ లాంటి పెళుసు పదార్థాలు నొక్కినప్పుడు పగులుతాయి, పగిలిన ప్రతిచోటా స్టియరేట్ అంటని కొత్త ముఖం బయటపడుతుంది, ఆ ముఖాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, అందుకని ఎక్కువ కలిపినా బలం అంతగా తగ్గదు. లాక్టోజ్ కూడా చాలావరకు ఆ దారే. ఎంసీసీ అలా కాదు, అది పగలదు, చదునుగా ఒదిగిపోతుంది, మీద ఉన్న పొరని మీదే ఉంచుకుని ఒదుగుతుంది, అందుకే దాని బలం దారుణంగా పడుతుంది. ప్రీజెలటినైజ్డ్ స్టార్చ్ ఎంసీసీ కంటే కూడా సున్నితం, ఫార్ములాలో అది కూడా ఉంటే మాత్రం స్టియరేట్ కలిపే టైమ్‌ని చాలా జాగ్రత్తగా పెట్టుకోవాలి. మంచి సంగతి ఏంటంటే ఎంసీసీకి బలం మొదట్లోనే బోలెడు ఉంటుంది కాబట్టి కొంత పోయినా తట్టుకుంటుంది, కానీ మీ ఏపీఐ (అసలు మందు) డోస్ ఎక్కువై, అది కూడా సరిగా పట్టుకోని రకం అయితే ఆ మిగులు కరిగిపోతుంది. మీరు చెయ్యగలిగిన మార్పుల్లో నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది ఎంసీసీలో కొంత భాగాన్ని లాక్టోజ్‌తోనో డైకాల్షియం ఫాస్ఫేట్‌తోనో మార్చడం, పగిలే పదార్థం, ఒదిగే పదార్థం రెండూ కలిసిన బ్లెండ్ ల్యూబ్రికెంట్ తేడాలని ఒంటి రకం బ్లెండ్ కంటే బాగా ఓర్చుకుంటుంది.

బ్లెండర్ దగ్గరికి వద్దాం, నా లెక్క ప్రకారం మీ నష్టంలో పెద్ద భాగం ఇక్కడే జరిగింది. చిన్నదాంట్లో 5 నిమిషాలు కలిపాం, పెద్దదాంట్లో కూడా 5 నిమిషాలే కలిపాం, పైగా ఆర్‌పీఎమ్ తక్కువే అని రాశారు. నిమిషాలు పోల్చకూడదు, బ్లెండ్ ఎంత దూరం జారింది అనేది పోల్చాలి. డ్రమ్ తిరిగే బ్లెండర్లకి పనికొచ్చే ఒక అంచనా ఉంది, ల్యూబ్రికేషన్ ప్రభావం బ్లెండర్ వాల్యూమ్ ఘనమూలం, ఖాళీగా వదిలిన భాగం, మొత్తం తిప్పుల సంఖ్య, ఈ మూడింటి గుణకారంతో పాటు పెరుగుతుంది అని. 10 లీటర్ల బ్లెండర్ 25 ఆర్‌పీఎమ్‌లో 5 నిమిషాలంటే 125 తిప్పులు. 1000 లీటర్లది 10 ఆర్‌పీఎమ్‌లో 5 నిమిషాలంటే 50 తిప్పులే, కానీ వాల్యూమ్ 100 రెట్లు కాబట్టి ఘనమూలం సుమారు 4.6, అంటే ఆ 50 తిప్పులు చిన్న బ్లెండర్‌లో 230 తిప్పులతో సమానం. నింపిన స్థాయి రెండిట్లో ఒకటే అనుకుంటే మీరు తెలియకుండానే దాదాపు రెట్టింపు ల్యూబ్రికేట్ చేశారన్నమాట. 125కి సరిపోవాలంటే పెద్దదాంట్లో 27 తిప్పులు, మూడు నిమిషాల లోపు. మరి అంత తక్కువలో స్టియరేట్ అంతటా చేరుతుందా అన్న భయం సహజమే, అందుకే దాన్ని ముందే 60 మెష్ జల్లెడలో జల్లించి, గడ్డలు లేకుండా చేసి, బ్లెండ్‌లో కొంత భాగంతో కలిపి, బ్లెండర్‌లో ఒకే చోట కుప్పగా కాకుండా పరిచినట్టు వెయ్యండి. సగం తిప్పులు మిగతా పౌడర్‌కి అంటించడంలో కాకుండా గడ్డలు విడగొట్టడంలో పోతుంటే తర్వాత ఎంత లెక్కేసినా తప్పుతుంది. నింపే స్థాయి కూడా చూస్కోండి, సగం ఖాళీగా ఉన్న బ్లెండర్‌లో పౌడర్ ఎక్కువ దూరం దొర్లుతుంది, నిండుగా ఉన్నదాంట్లో తక్కువ.

బ్లెండర్ ఆగాక కలపడం ఆగిపోయిందని అనుకోకండి. ప్రెస్ మీద ఫీడ్ ఫ్రేమ్‌లో (డైలలోకి పౌడర్ నింపే భాగంలో) ప్యాడిల్స్ ఉంటాయి కదా, అవి కూడా మిక్సర్లే, అదీ చిన్న జాగాలో గట్టిగా రుద్దే మిక్సర్లు. టరెట్ (డైలు, పంచ్‌లు ఉన్న తిరిగే చక్రం) స్పీడ్ తగ్గించి ప్యాడిల్ స్పీడ్ అలాగే ఉంచితే ప్రతి గ్రాము పౌడర్ లోపల ఎక్కువసేపు నలుగుతుంది, అందుకే స్లోగా నడిపితే హార్డ్‌నెస్ పెరగాలి కదా, తగ్గిందేంటి అని కొందరు తల పట్టుకుంటారు. మీ ప్రెస్ మీద ఈ పరీక్ష చేసి చూడండి: నడుస్తున్న ప్రెస్‌ని ఆపి, ఫీడర్ ప్యాడిల్స్‌ని మాత్రం కొన్ని నిమిషాలు తిరగనిచ్చి, మళ్ళీ మొదలుపెట్టి, ముందొచ్చే టాబ్లెట్లు విడిగా పట్టండి. ఆ మొదటివి మెత్తగా ఉండి, కొద్దిసేపటికి మళ్ళీ గట్టిపడితే మీ బ్లెండ్ ఇంకా కప్పబడే దారిలోనే ఉందని, ఫీడర్ ఆ పని కొనసాగిస్తోందని తెలిసిపోతుంది. ఏ తేడా లేకపోతే ఫీడర్ వైపు చూడక్కర్లేదు.

అసలు చెయ్యాల్సిన స్టడీ మాత్రం ఇది. ఒకే బ్లెండ్ తీసుకుని స్టియరేట్ వేశాక 2, 5, 10, 20 నిమిషాలకి శాంపిల్ తీయండి, నాలుగింటినీ ఒకే ఒత్తిడి దగ్గర, ఒకే స్పీడ్‌లో నొక్కండి, ప్రతిదానికీ ఎజెక్షన్ ఫోర్స్, టెన్సైల్ స్ట్రెంగ్త్, డిసింటిగ్రేషన్ టైమ్ ఒకే కాగితం మీద గీయండి. హార్డ్‌నెస్ (టాబ్లెట్ విరగడానికి పట్టే ఫోర్స్) కాకుండా టెన్సైల్ స్ట్రెంగ్త్ అని ఎందుకంటున్నానంటే హార్డ్‌నెస్‌లో టాబ్లెట్ సైజు కలిసిపోయి ఉంటుంది. టెన్సైల్ స్ట్రెంగ్త్ ఫ్లాట్ రౌండ్ టాబ్లెట్‌కి రెండింతల ఫోర్స్‌ని పై, వ్యాసం, మందంల లబ్ధంతో భాగిస్తే వస్తుంది. 10 మిల్లీమీటర్ల వ్యాసం, 4 మిల్లీమీటర్ల మందం ఉన్నది 100 న్యూటన్లకి విరిగితే సుమారు 1.6 మెగాపాస్కల్స్, అదే 100 న్యూటన్లు 5 మిల్లీమీటర్ల మందానికి అయితే 1.3 లోపే, హార్డ్‌నెస్ టెస్టర్ మాత్రం రెండిటికీ ఒకే అంకె చూపిస్తుంది.

ఆ గ్రాఫ్ గీస్తే సాధారణంగా కనపడేది ఏంటంటే ఎజెక్షన్ ఫోర్స్ మొదటి రెండు మూడు నిమిషాల్లోనే బాగా తగ్గి ఆ తర్వాత సమంగా పడుకుంటుంది, బలం మాత్రం తగ్గుతూనే పోతుంది, డిసింటిగ్రేషన్ పెరుగుతూనే పోతుంది. డై గోడకి కావాల్సిన పొర చాలా కొంచెం, అది దొరికాక మీరు చేసే ప్రతి అదనపు తిప్పూ కణాల మధ్య బంధాన్ని మాత్రమే తింటుంది. ఎజెక్షన్ పడుకున్న చోటు, బలం ఇంకా మిగిలున్న చోటు, ఆ రెండిటి మధ్య ఎంత వెడల్పు ఉందో అదే మీ ఫార్ములా ఎంత గట్టిదో చెప్తుంది. వెడల్పు సన్నగా ఉంటే బ్లెండర్ టైమ్ దిద్ది లాభం లేదు, ల్యూబ్రికెంట్‌నో, ఫిల్లర్‌నో మార్చాలి. ఇంకొక్క మాట, రన్ మొదలుపెట్టగానే ఎజెక్షన్ ఫోర్స్ ఎక్కువగా ఉండి డై గోడకి స్టియరేట్ పొర ఏర్పడ్డాక దిగుతుంది, కాబట్టి మొదటి కొద్ది టాబ్లెట్ల అంకెలతో నిర్ణయం తీసుకోకండి.

సగానికి తగ్గించినప్పుడు వచ్చిన సౌండ్, నిలువు గీతలు, అవి బైండింగ్ లక్షణాలు, అంటే గోడ దగ్గర పొర చాలలేదు. కానీ డైలు కూడా ఒకసారి చూడండి. ఒకే లోతులో రోజూ నొక్కిన డైలో, నొక్కే చోట ఒక రింగ్ అరిగిపోతుంది, టాబ్లెట్ ఆ గాడిలో తయారై, పైకి వచ్చేటప్పుడు సన్నటి చోటులోంచి దూరాలి, అప్పుడు ఎంత ల్యూబ్రికెంట్ వేసినా ఎజెక్షన్ పెరుగుతుంది, క్యాపింగ్ కూడా వస్తుంది. వేలితో కాకుండా బోర్ గేజ్‌తో (రంధ్రం లోపలి వ్యాసం కొలిచే సాధనంతో) చూడాలి. పంచ్ ముఖానికి అంటుకోవడం, లోగో అక్షరాల్లో పౌడర్ ఇరుక్కోవడం, అవి వేరే జబ్బులు, వాటికి తేమ, పంచ్ ఫినిష్, ఏపీఐ ద్రవీభవన ఉష్ణోగ్రత చూడాలి, ఎక్కువసార్లు స్టియరేట్ పెంచడం కంటే టాల్క్ లాంటి యాంటీ అడెరెంట్ కొంచెం వేస్తేనే మేలు. ల్యూబ్రికెంట్ (గోడ ఘర్షణ తగ్గించేది), గ్లైడెంట్ (పౌడర్ ఫ్లో పెంచేది), యాంటీ అడెరెంట్ (పంచ్‌కి అంటుకోకుండా చేసేది) మూడు పనులు, టాల్క్ ఫ్లోకి, అంటుకోకుండా ఉండడానికి బాగుంటుంది గానీ గోడ ఘర్షణ తగ్గించడంలో స్టియరేట్ పక్కన నిలబడలేదు.

కొల్లాయిడల్ సిలికా గురించి మీరు అడగలేదు గానీ మీ ఫార్ములాలో ఉందని రాశారు కాబట్టి చెప్తున్నా. సిలికా స్టియరేట్‌ని తన మీదకి లాక్కుంటుంది, కణాల మీద పొర పూర్తిగా ఏర్పడకుండా అడ్డుపడుతుంది, అందువల్ల బలం కొంత తిరిగి వస్తుంది. దీన్ని తెలివిగా వాడుకోవచ్చు, సిలికాని బ్లెండ్‌తో ముందే బాగా కలిపి, స్టియరేట్‌ని చివర్లో విడిగా వెయ్యండి. రెండూ ఒకే జల్లెడలో కలిపి చివర్లో వేసే అలవాటు చాలా చోట్ల ఉంది, అలా చేస్తే స్టియరేట్ ఎంత పనిచేస్తుందో బ్యాచ్ బ్యాచ్‌కీ మారిపోతుంది.

ల్యూబ్రికెంట్ మార్చేద్దాం అనుకుంటే నా మొదటి ఓటు సోడియం స్టియరిల్ ఫ్యుమరేట్‌కే. అర శాతం నుంచి 2 శాతం వరకూ వాడతారు, ఎక్కువసేపు కలిపినా బలం, డిసింటిగ్రేషన్ స్టియరేట్‌తో పోలిస్తే చాలా తక్కువ దెబ్బతింటాయి, నీటిని అంతగా తోసెయ్యదు. సర్ఫేస్ ఏరియా తక్కువ, గ్రాముకి 1 నుంచి 2 చదరపు మీటర్ల ప్రాంతంలో, కాబట్టి స్టియరేట్ శాతాన్నే దీనికీ పెట్టి "పనిచెయ్యలేదు" అనకండి, కొంచెం ఎక్కువ పడుతుంది, ఖరీదు కూడా ఎక్కువే. స్టియరిక్ యాసిడ్ 1 నుంచి 3 శాతం, బంధాన్ని స్టియరేట్ అంత పాడుచెయ్యదు, కానీ తక్కువ ఉష్ణోగ్రతకే మెత్తబడుతుంది, శుద్ధమైనదే 69 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది, కమర్షియల్ రకాలు ఇంకా ముందే, అందుకని పొడుగు రన్‌లో ప్రెస్ వేడెక్కితే పంచ్‌లకి అంటుకోవడం మొదలవుతుంది. గ్లిజరిల్ బెహెనేట్ కూడా మైనపు రకమే, 1 నుంచి 3 శాతం, కలిపే టైమ్‌కి అంత భయపడక్కర్లేదు. నీటిలో కరిగించి తాగే ఎఫర్వెసెంట్ టాబ్లెట్లకి స్టియరేట్ వేస్తే నీటి మీద తెట్టు తేలుతుంది, అక్కడ పీఈజీ 6000, సోడియం బెంజోయేట్, ల్యూసిన్ లాంటివి వాడతారు, జారుడు తక్కువైనా గత్యంతరం లేదు.

డిసింటిగ్రేషన్ పెరగడం గురించి. కణాల మీద పొర నీటిని లోపలికి రానివ్వదు, ఎంసీసీ సన్నటి దారుల గుండా నీటిని పీల్చే గుణం మీద ఆధారపడుతుంది, ఆ దారుల గోడలే స్టియరేట్‌తో పూసుకుపోతే టాబ్లెట్ ఎంత మెత్తగా ఉన్నా లోపలికి తడి చేరదు. మెత్తగా ఉండి కూడా ఆలస్యంగా విడిపోతోంది అంటే అది ఓవర్ ల్యూబ్రికేషన్‌కి దాదాపు సంతకం లాంటిది. మీ టాబ్లెట్ ఒకటి విరిచి, విరిగిన ముఖం మీద చిన్న నీటిచుక్క పెట్టి చూడండి, పాత బ్యాచ్‌దీ కొత్త బ్యాచ్‌దీ పక్కపక్కన. పాతది చుక్కని వెంటనే తాగేసి, కొత్తదాని మీద చుక్క కాసేపు ఉబ్బి నిలబడితే మిగతా టెస్టులు వచ్చేదాకా ఆగక్కర్లేదు, కారణం దొరికినట్టే. సూపర్ డిసింటిగ్రెంట్ (టాబ్లెట్ త్వరగా విడిపోవడానికి వేసే పదార్థం) కొంచెం పెంచితే కొంత సర్దుకుంటుంది, కానీ పొర తగ్గించడం ముందు.

కెమిస్ట్రీ వైపు ఒక్క హెచ్చరిక. స్టియరేట్ కొంచెం క్షార గుణం ఉన్నది, మెగ్నీషియం ఆక్సైడ్ లాంటి మలినాలు కూడా ఉంటాయి, ఆస్పిరిన్ లాంటి ఎస్టర్ల విచ్ఛిత్తిని అది తొందరపెడుతుంది. ఏపీఐ అలాంటిదైతే గ్రేడ్ మార్చినప్పుడు కంప్రెషన్ ఒక్కటే చూసి వదిలెయ్యకుండా స్టెబిలిటీలో కూడా పెట్టాలి.

మీకు నేను ఇచ్చే వరస ఇదీ. ముందు పాత లాట్ స్టియరేట్‌తో పెద్ద బ్లెండర్‌లో ఒకటి, కొత్త లాట్‌తో చిన్న బ్లెండర్‌లో ఒకటి చెయ్యండి, రెండు మార్పుల్ని విడదీయకుండా ఏది దిద్దినా గుడ్డి దెబ్బే. తర్వాత తిప్పులు తగ్గించి 1 శాతంతోనే చూడండి, అప్పుడు కూడా బలం చాలకపోతే 0.75కి రండి, ఒక్కసారిగా సగానికి దూకకండి. అప్పటికే అప్రూవ్ అయిన ప్రోడక్ట్ అయితే అమెరికా ఎఫ్‌డీఏ 1995 సుపాక్-ఐఆర్ (అప్రూవల్ తర్వాత చేసే మార్పుల) గైడెన్స్‌లో మెగ్నీషియం స్టియరేట్‌కి మొత్తం బరువు మీద 0.25 శాతం వరకూ మార్పు లెవెల్ 1, 0.5 వరకూ లెవెల్ 2 అని ఉంది, అందుకని 1 నుంచి 0.75 వెళ్ళడానికి, 0.5 వెళ్ళడానికి కాగితం పనిలో చాలా తేడా ఉంది, ల్యూబ్రికెంట్‌నే మార్చేస్తే అది వేరే కథ. స్టియరేట్ స్పెసిఫికేషన్‌లో మీ సొంతంగా బీఈటీ సర్ఫేస్ ఏరియాకి ఒక రేంజ్ రాయించండి, మీకు బాగా వచ్చిన బ్యాచ్‌ల లాట్లనే కొలిపించి ఆ రేంజ్ పెట్టుకోండి. బ్యాచ్ రికార్డులో ల్యూబ్రికేషన్ స్టెప్‌కి నిమిషాలు కాకుండా తిప్పుల సంఖ్య, నింపే స్థాయి రాయించండి, ఫీడర్ ప్యాడిల్ స్పీడ్‌ని కూడా టరెట్ స్పీడ్‌తో కలిపి ఒక రేంజ్‌గా పెట్టించండి. ఆ 2, 5, 10, 20 నిమిషాల గ్రాఫ్ అంకెలు వచ్చాక ఇక్కడ పెట్టండి, ఎజెక్షన్ ఎక్కడ పడుకుందో చూసి టైమ్ ఎంత పెట్టాలో చెప్తాను.